నకిలీ చిప్పును ఆపాల్సింది పర్చేజ్ ఆర్డర్ దగ్గరే

రక్షణ రంగానికి సర్క్యూట్ బోర్డులు తయారుచేసే కంపెనీలో పనిచేస్తానని చెబితే, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "నకిలీ చిప్పులు రాకుండా మీ దగ్గర ఏం మెషిన్లు ఉన్నాయి?" అని. ఎక్స్-రే ఉందా, పూతలో ఏ లోహముందో చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఉందా అంటారు. ఆడిట్‌కి వచ్చేవాళ్లూ ఇదే అడుగుతారు. ఉందని చూపిస్తే అందరికీ ధైర్యం వస్తుంది. బెంగళూరులో చాలా ఏళ్లుగా నా పని ఇన్‌కమింగ్ ఇన్‌స్పెక్షన్. బయటి నుంచి వచ్చే ప్రతి పార్టూ స్టోర్స్‌లోకి వెళ్లేముందు మా టేబుల్ మీదుగానే వెళ్లాలి. అక్కడ కూర్చుని చూసినదాన్ని బట్టి నేను గట్టిగా నమ్మేది ఇదీ: నకిలీ చిప్పు నా టేబుల్ దాకా వచ్చిందంటే అప్పటికే సగం ఓడిపోయాం. ఎవరి దగ్గర కొన్నాం, ఎందుకంత ఆలస్యంగా కొన్నాం, ఇంత తక్కువ ధరకే కొనాలని ఎవరు నిర్ణయించారు? మెషిన్ల గురించి అడిగేముందు ఈ మూడూ అడగాలి.

నకిలీ అనగానే ఎవరో చాటుగా ఫ్యాక్టరీ పెట్టి చిప్పులు తయారుచేస్తున్నారని చాలామంది ఊహించుకుంటారు. అలాంటివీ ఉన్నాయి. కానీ ఎక్కువ భాగం చెత్తలోంచి పుడతాయి. ప్రపంచం పారేసిన కంప్యూటర్లు, టెలికాం బోర్డులు ఒకచోట పోగవుతాయి. చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని గుయియు అనే ఊరు ఏళ్ల తరబడి ఈ పనికి పేరుమోసింది. బోర్డును నిప్పుల మీద వేడిచేస్తారు. సోల్డర్ కరిగాక తట్టి చిప్పులను రాలుస్తారు. నీళ్లలో కడిగి, నేలమీద ఆరబోసి, సైజుల వారీగా ఏరతారు. పైన ఉన్న అక్షరాలను గీకేస్తారు. గీకిన గీతలు కనబడకుండా నల్లటి పూత పూస్తారు. ఆ పూత మీద కొత్త పార్ట్ నంబర్, ఎప్పుడు తయారైందో చెప్పే కొత్త డేట్ కోడ్ ముద్రిస్తారు. వంగిన పిన్నులను సరిచేసి మళ్లీ తగరం పూస్తారు. ఇంకేం, ట్యూబులో సర్దితే కొత్త సరుకే.

అంత వేడి తిన్న చిప్పు లోపల ఏమవుతుందో ఆలోచించండి. తేమ చేరిన ప్లాస్టిక్ వేడికి ఉబ్బి, లోపలి పొరలు విడిపోతాయి. స్టాటిక్ కరెంటు దెబ్బ ఎన్నిసార్లు తగిలిందో ఎవరికీ తెలీదు. అయినా పవర్ ఇస్తే పనిచేస్తుంది. అదే దీనిలోని అసలు ప్రమాదం. మామూలు వాడకం చిప్పు 0 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దాకా పనిచేస్తే చాలు. మిలిటరీ గ్రేడ్ చిప్పు మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా నిలబడాలి. ఆ గ్రేడ్‌కి ధర ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి మామూలు చిప్పు మీద మిలిటరీ నంబర్ వేసి అమ్మడం లాభసాటి వ్యాపారం. బెంగళూరు ల్యాబులో 25 డిగ్రీల దగ్గర టెస్టు చేస్తే రెండూ ఒక్కలాగే పాసవుతాయి. తేడా తెలిసేది రాజస్థాన్ ఎండలోనో, లదాఖ్ చలిలోనో, 40 వేల అడుగుల ఎత్తులోనో. అక్కడ దాన్ని నమ్ముకుని ఒక మనిషి ఉంటాడు.

ఒక లాట్, అంటే ఒక విడత సరుకు, సంగతి చెబుతాను. ఓ పాత డిజైన్‌కి కావలసిన మెమరీ చిప్పులు అవి. తయారీదారు ఆ పార్టును ఎప్పుడో ఆపేశాడు. ఆథరైజ్డ్ డిస్ట్రిబ్యూటర్ల దగ్గర స్టాకు లేదు. చివరికి ఒక బ్రోకర్ ద్వారా వచ్చింది. మా స్టోర్స్‌లో హిందూపురం నుంచి వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు. ట్యూబులు తెచ్చి టేబుల్ మీద పెడుతూనే, "అక్కా, ఇవి మరీ కొత్తగా మెరుస్తున్నాయి, చూడండి" అన్నాడు. ఏళ్ల కిందట ప్యాక్ చేసిన చిప్పు పిన్నుల మీద తగరం కాస్త మసకబారి ఉండాలి. ఇవి తళతళలాడుతున్నాయి. మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఒకటో పిన్ను పక్కన గుర్తుగా ఉండే చిన్న గుంట అడుగు నునుపుగా, అంచు పదునుగా ఉండాలి. ఇందులో కొన్నింటికి గుంట సగం పూడిపోయి ఉంది, పైన పూసిన పూత దానిలోకి దిగింది. అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దితే దూది తెల్లగానే ఉంది. ఇప్పటి పూతలు అసిటోన్‌కి లొంగవు, వేడి చేసిన ఘాటైన సాల్వెంట్ కావాలి. అది వాడాక పై పొర లేచి, కింద అడ్డంగా గీకిన గీతలు బయటపడ్డాయి. అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది మాత్రం చిప్పుల అడుగు భాగం. పైన అన్నింటి మీదా ఒకే లాట్ నంబర్, ఒకే డేట్ కోడ్. తిప్పి చూస్తే కొన్నింటి మీద మలేషియా, కొన్నింటి మీద ఫిలిప్పీన్స్. ఒకే లాటు రెండు దేశాల్లో ఎలా తయారవుతుంది? అడుగు భాగం ఎవరు చూస్తారులే అన్న ధీమా అది.

ఆ లాటును రిజెక్ట్ చేశాం. ఆ తర్వాత వచ్చిన ఫోన్లే అసలు పరీక్ష. లైన్ ఆగింది, కస్టమర్ డెలివరీ దగ్గర పడింది, పర్చేజ్ వాళ్లకి పైనుంచి ఒత్తిడి. "మేడం, బోర్డు మీద పెట్టి ఫంక్షనల్ టెస్ట్ పాసైతే వాడేద్దామా? డేట్ పోతుంది" అని అడిగిన మనిషి చెడ్డవాడు కాదు. మా నెల్లూరువాడే, పనిమంతుడు. అతని నెలవారీ లెక్కలో డేటు తప్పితే మార్కు పోతుంది, నకిలీ చిప్పు వెళితే ఏమీ పోదు. ఎందుకంటే అది చెడిపోయేది ఎప్పుడో, ఎక్కడో. నేను తలవంచకపోవడానికి నా ధైర్యం కారణం కాదు. అప్పటి మా క్వాలిటీ హెడ్ లిఖితపూర్వకంగా నా వెనక నిలబడ్డారు. అలాంటి మనిషి లేని చోట ఇన్‌స్పెక్టర్ ఒంటరిగా ఎన్నాళ్లు కాదనగలరు?

ఇక మెషిన్ల మాటకి వద్దాం. అవి అక్కర్లేదని నేననను. ఎక్స్-రేలో లోపలి డై (అసలు సర్క్యూట్ ఉండే సిలికాన్ ముక్క) సైజు, సన్నటి వైర్ల అమరిక కనబడతాయి. ఎక్స్‌ఆర్‌ఎఫ్ పిన్నుల పూతలో ఏ లోహముందో చెబుతుంది. యాసిడ్‌తో పై ప్లాస్టిక్ తొలగిస్తే డై మీద అసలు తయారీదారు గుర్తు దొరుకుతుంది. మేడిపండును విప్పి చూడటమే అది. కానీ విప్పిన పండును మళ్లీ వాడలేం కదా. కాబట్టి లాటులో ఒకటో రెండో విప్పుతాం. అమ్మేవాడికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. చిప్పుల పట్టీ చుట్టిన రీలు మొదట్లో అసలు చిప్పులు పెట్టి మధ్యలో నకిలీవి కలుపుతాడు. ఇక లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీలోనే లెక్కకు మించి తయారుచేసి పక్కదారిన అమ్మినవీ, క్వాలిటీలో ఫెయిలై పారేయాల్సినవాటిని ఎత్తుకొచ్చి అమ్మినవీ ఉంటాయి. వాటి లోపల డై అసలుదే, గుర్తూ అసలుదే. వాటిని నా మైక్రోస్కోప్ పట్టుకోలేదు. నకిలీ పార్టులను అరికట్టడానికి 2009లో వచ్చిన ఏఎస్5553 స్టాండర్డ్ ఎక్కువ బరువు పెట్టింది కొనుగోలు పద్ధతి మీదా, ఎక్కడి నుంచి వచ్చిందన్న ఆనవాళ్ల మీదా. మనవాళ్లు ఆ స్టాండర్డ్ పేరు చెబుతారు, టెస్టుల పేజీ దగ్గర ఆగిపోతారు.

ఇది ఎక్కడో చిన్న కంపెనీల తలనొప్పి అనుకునేవాళ్లు అమెరికా అనుభవం చూడాలి. అక్కడి వాణిజ్య శాఖ చేసిన సర్వేలో నకిలీ పార్టుల ఘటనలు 2005లో 3,868 ఉంటే 2008 నాటికి 9,356కి చేరాయి. ఆ తర్వాత సెనేట్ సాయుధ దళాల కమిటీ 2011లో దర్యాప్తు మొదలుపెట్టి 2012 మేలో నివేదిక ఇచ్చింది. రెండేళ్ల కాలానికే సుమారు 1,800 కేసులు, 10 లక్షలకు పైగా అనుమానాస్పద పార్టులు లెక్క తేలాయి. వాటిలో హెలికాప్టర్ కెమెరా వ్యవస్థల్లోకి వెళ్లినవి ఉన్నాయి, సీ-130జే విమానం డిస్‌ప్లేల్లోకి వెళ్లినవి ఉన్నాయి. థాడ్ అనే క్షిపణి రక్షణ వ్యవస్థ కంప్యూటర్లలో చేరిన మెమరీ చిప్పులను మార్చడానికి దాదాపు 27 లక్షల డాలర్లు ఖర్చయింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది పీ-8ఏ విమానం కథ. సముద్రం మీద నిఘా కాసే విమానం అది. విమానం మీద మంచు పేరుకుంటే పైలట్‌కి చెప్పే ఒక మాడ్యూల్ దానిలో ఉంటుంది. ఒక విమానంలో ఆ మాడ్యూల్ పనిచేయడం లేదని విప్పి చూస్తే, చిప్పు సాకెట్ నుంచి ఊడి లోపల దొర్లుతోంది. తీసి పరిశీలిస్తే వాడేసిన చిప్పును గీకి, కొత్త ముద్ర వేసి అమ్మినది. ఎన్నో చేతులు మారి వచ్చిన ఆ సరుకు మూలం షెన్‌జెన్‌లో తేలింది. మాడ్యూల్ తయారీదారుకి అనుమానం వచ్చిన సమయానికీ, నేవీకి ఆ కబురు చేరిన సమయానికీ మధ్య ఏడాదిన్నర పైనే గడిచింది. చిప్పు ఎలా దూరిందన్నదానికంటే ఈ ఏడాదిన్నర మౌనమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఆ కేసు అమెరికా విమానాలది, మనవాటి గురించి కాదు. అయినా అదే కుటుంబానికి చెందిన పీ-8ఐ విమానాలు మన నేవీకి ఉన్నాయి. 2013 నుంచి అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాలి నుంచి ఎగురుతున్నాయి. బెంగళూరు నుంచి చెన్నై రైల్లో వెళ్లేటప్పుడు మనం దాటే అరక్కోణమే. సరఫరా గొలుసు ఒక దేశానికి కట్టుబడి ఉండదని గుర్తుచేయడానికే ఇది చెబుతున్నాను. మన దగ్గర ధనుష్ ఫిరంగి విషయంలో 2017లో సీబీఐ కేసు పెట్టింది. చైనాలో తయారైన బేరింగులను జర్మనీవని చెప్పి జబల్‌పూర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీకి సరఫరా చేశారన్నది అభియోగం. అవి బేరింగులు, చిప్పులు కావు. అయినా దారి అదే: తక్కువ ధర, మంచి కాగితం.

కాగితం గురించి రెండు మాటలు. ప్రతి లాటుతో పాటు, సరుకు అడిగినట్టే ఉందని అమ్మినవాడు రాసిచ్చే సర్టిఫికేట్ ఆఫ్ కన్ఫార్మెన్స్ వస్తుంది, మేమంతా సీఓసీ అంటాం. సీఓసీ ఉంటే ఫైలు పూర్తయినట్టే. కానీ కాగితాన్ని నమ్మితే ఏమవుతుందో చూడండి. నాసా 2009లోనూ 2011లోనూ రెండు ఉపగ్రహాలను టారస్ ఎక్స్‌ఎల్ రాకెట్ మీద పోగొట్టుకుంది. రెండుసార్లూ ముక్కు దగ్గరి తొడుగు విడిపోలేదు. దాని జాయింటులో వాడిన అల్యూమినియం సరఫరాదారు ఏళ్ల తరబడి టెస్టు సర్టిఫికేట్లను దిద్దుతూ వచ్చాడని తర్వాత తేలింది. నష్టం 70 కోట్ల డాలర్లకు పైమాటే. ఇంకో ఉదాహరణ 2012 నాటిది. అమెరికా పార్లమెంటు తరఫున ఆడిట్ చేసే జీఏఓ ఒక ఉత్తుత్తి కంపెనీ పెట్టి, ఇంటర్‌నెట్ వేదికల మీద మిలిటరీ గ్రేడ్ పార్టులు కొంది. చేతికందిన 16లో ఒక్కటీ నికార్సయినది కాదు. వాటిలో నాలుగింటి పార్ట్ నంబర్లు జీఏఓ వాళ్లు కల్పించినవి. అసలు ఏ కంపెనీ ఎన్నడూ తయారుచేయని పార్టులు! అవి కూడా చక్కగా ప్యాకై వచ్చాయి. అడిగిన నంబరు ఏదైనా ముద్రించి ఇస్తారన్నమాట.

మరి ఇంత తెలిసీ బ్రోకర్ దగ్గరికి ఎందుకు వెళతాం? ఆశతో వెళ్లేవాళ్లు తక్కువ. గత్యంతరం లేక వెళ్లేవాళ్లే ఎక్కువ. యుద్ధ విమానం ఆయుష్షు 30, 40 ఏళ్లు. జాగ్వార్ మన వాయుసేనలో చేరింది 1979లో, ఇప్పటికీ ఎగురుతోంది. తేజస్ మొదటిసారి ఇదే బెంగళూరు ఆకాశంలో ఎగిరింది 2001 జనవరి 4న, దాని కొత్త రకాల తయారీ ఇంకా సాగుతోంది. చిప్పు కంపెనీలకు మాత్రం రక్షణ రంగం చాలా చిన్న కస్టమర్. ఫోన్లకీ కార్లకీ గిరాకీ తగ్గగానే ఆ చిప్పును కొన్నేళ్లకే ఆపేస్తాయి. ఆపేముందు నోటీసు ఇస్తాయి. చివరి ఆర్డర్లు పెట్టుకోమని గడువు ఇస్తాయి. అప్పుడు 20 ఏళ్లకు సరిపడా కొని దాచుకుంటే సమస్య సగం తీరుతుంది. కానీ ఆ నోటీసు వచ్చినప్పుడు చిన్న వెండర్ చేతిలో ఉండేది 50 బోర్డుల ఆర్డర్. వచ్చే ఏడాది ఆర్డర్ తనకే వస్తుందన్న భరోసా లేదు. సొంత డబ్బు పెట్టి 20 ఏళ్ల స్టాకు ఎవరు కొంటారు? పోనీ పైనున్న పెద్ద కంపెనీ కొంటుందా అంటే, వాళ్ల ఈ ఏడాది బడ్జెట్‌లో ఆ పద్దు ఉండదు. నోటీసు ఒక ఈమెయిల్‌గా వచ్చి ఈమెయిల్‌గానే ఉండిపోతుంది. అయిదేళ్ల తర్వాత అదే బోర్డుకి మళ్లీ ఆర్డర్ వస్తుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

దాని మీద ఎల్‌1. అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికే ఆర్డర్. ఆథరైజ్డ్ డిస్ట్రిబ్యూటర్ ధరతో లెక్కకట్టి నిజాయితీగా కోట్ చేసిన కంపెనీ ఓడిపోతుంది. బ్రోకర్ ధరతో లెక్కకట్టినవాడు గెలుస్తాడు. గెలిచాక ఆలస్యమైతే ఎల్‌డీ, సాధారణంగా వారానికి అర శాతం చొప్పున బిల్లులో కోత. 2021లో చిప్పుల కరువు వచ్చినప్పుడు చాలా పార్టులకు లీడ్ టైమ్, అంటే ఆర్డర్ ఇచ్చాక సరుకు అందే వ్యవధి, ఏడాది దాటింది. మరి వారాల మీద జరిమానా లెక్కపెట్టే కాంట్రాక్టుతో ఏడాది ఎదురుచూడమంటే ఎలా కుదురుతుంది? ధర తగ్గించమని ఒకవైపు, తేదీ తప్పొద్దని ఇంకోవైపు నొక్కి, మధ్యలో నాణ్యత కాపాడమని ఇన్‌స్పెక్టర్‌కి చెబితే న్యాయమా?

అందుకే నా వాదన. డిజైన్ ఖరారు చేసే రోజే, పార్టుల జాబితాలో ప్రతి చిప్పుకీ ఇంకెన్నాళ్లు దొరుకుతుందో చూడాలి. నాలుగైదేళ్లలో ఆగిపోయేదాన్ని 30 ఏళ్ల వ్యవస్థలో పెట్టకూడదు. పెట్టక తప్పదంటే, జీవితకాల స్టాకు ఖర్చు ప్రాజెక్టు అంచనాలోనే ఉండాలి. కొనేది ఎవరు, నైట్రోజన్ క్యాబినెట్‌లో దాచేది ఎవరు అన్నది కాంట్రాక్టులో రాయాలి. నా దృష్టిలో ఆ స్టాకు వినియోగదారైన ప్రభుత్వం సొంతం కావాలి, వెండర్ మారినా స్టాకు మారకూడదు. ఆపేసిన చిప్పులను అసలు తయారీదారు అనుమతితో, వాళ్ల డిజైన్‌తోనే మళ్లీ తయారుచేసే కంపెనీలు ప్రపంచంలో ఉన్నాయి. ధర ఎక్కువ, మూలం మాత్రం ఖాయం. టెండర్ మూల్యాంకనంలో పార్టులు ఎక్కడి నుంచి వస్తాయో చూపినవాడికి మార్కులు ఇవ్వాలి. పార్టు దొరకక డిజైన్ మార్చాల్సి వస్తే, సమయానికి చెప్పిన వెండర్‌కి ఎల్‌డీ వేయకూడదు. ఈ ఆఖరిది ఒక్కటి జరిగినా నా టేబుల్ మీదకి వచ్చే అనుమానపు లాట్లు తగ్గుతాయని నా నమ్మకం.

శిక్షలు పెంచితే సరిపోదా అంటారు. అమెరికా 2012 నాటి రక్షణ బడ్జెట్ చట్టంలో సెక్షన్ 818 తెచ్చింది. నకిలీ పార్టు దొరికితే దాన్ని మార్చే ఖర్చు కాంట్రాక్టర్‌దే, ప్రభుత్వానికి బిల్లు వేయడానికి వీల్లేదు. కానీ ఆ చట్టంలోనే, అనుమానం వచ్చిన 60 రోజుల్లోగా ప్రభుత్వమూ కంపెనీలూ సమాచారం పంచుకునే జీఐడీఈపీ వ్యవస్థలో తెలియజేయాలన్న నియమం ఉంది. మంచి పట్టివేత పద్ధతి ఉండి, వెంటనే చెప్పినవాళ్లకు కొంత మినహాయింపూ ఉంది. మనం జరిమానా ఒక్కటే తెచ్చుకుని మిగతాది వదిలేస్తే, బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యాలోని పదిమంది పనిచేసే షెడ్డు మీద పిడుగు పడుతుంది. అప్పుడు నకిలీ దొరికినా ఎవరూ నోరు విప్పరు. ఇప్పటికే నాకు తెలిసిన చిన్న కంపెనీల మధ్య హెచ్చరికలు నడిచేది వాట్సాప్‌లో, అదీ స్నేహం కొద్దీ. "ఆ పార్టు నంబరు, ఆ డేట్ కోడ్ వస్తే చూసుకో అక్కా" అని ఒక మెసేజ్. ఆ ఫోటోలూ, లాట్ నంబర్లూ చిన్న వెండర్ దాకా చేరే ఒక అధికారిక చోటు కావాలి. చెప్పినవాడికి శిక్ష పడదన్న హామీతో.

మన చిప్పులు మనమే తయారుచేసుకుంటే ఈ బాధ ఉండదు కదా అని కూడా అంటారు. ఆ దారి మంచిదే, నాకు గర్వంగానే ఉంది. మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ ల్యాబ్ ఎస్‌సీఎల్‌లో తయారైన విక్రమ్ 3201 ప్రాసెసర్‌ను 2025 సెప్టెంబర్‌లో ప్రధానికి అందించారు. దాని ముందు తరం 16 బిట్ ప్రాసెసర్ 2009 నుంచే ఇస్రో రాకెట్లలో పనిచేస్తోంది. ఎక్కడ తయారైందో, ఎవరు టెస్టు చేశారో, ఎలా వచ్చిందో మొత్తం చరిత్ర చేతిలో ఉన్న చిప్పు అది. అయితే ఒక బోర్డు మీద ప్రాసెసర్ ఒక్కటే ఉండదు. రెగ్యులేటర్లు, ఆప్-ఆంప్‌లు, కెపాసిటర్లు, కనెక్టర్లు కలిపి వందల రకాలు ఉంటాయి. వాటన్నిటికీ మన దేశంలో తయారీ వచ్చేదాకా కొనుగోలు క్రమశిక్షణ తప్పదు, వచ్చాక కూడా తప్పదు.

చివరగా అందరూ మరచిపోయే స్క్రాప్ సంగతి. బెంగళూరులో రోజూ ఎంతో ఎలక్ట్రానిక్ చెత్త బయటికి వెళుతుంది, అందులో మాలాంటి కంపెనీల్లో ఫెయిలైన బోర్డులూ ఉంటాయి. వాటి మీది చిప్పులు నిజమైన మిలిటరీ గ్రేడువి. స్క్రాప్ కొనేవాడు ఎక్కువ ధర ఇస్తున్నాడంటే రాగి కోసం ఇస్తున్నాడని నేననుకోను. మా దగ్గర ఇప్పుడు ఫెయిలైన బోర్డు బయటికి వెళ్లేముందు దాని మీది ప్రతి చిప్పుకీ డ్రిల్లుతో కన్నం పెడుతున్నారు, సీరియల్ నంబరు రాసుకుంటున్నారు, ఒకరు చూసి సంతకం పెడుతున్నారు. దీనికి మనిషి పని గంటలు పడుతున్నాయి, స్క్రాప్ ధరా తగ్గింది. ఆ ఖర్చును ఆర్డర్ ధరలో విడిగా ఒక లైనుగా చూపించమని మేం పై కంపెనీలను అడుగుతున్నాం. ఇద్దరు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు ఇంకా జవాబివ్వలేదు.